కొండ పసుపుకు రంగు తక్కువెందుకు?



కొంతకాలం క్రిందట అనంతగిరి కొండల నుండి వచ్చిన ఒక అమ్మాయికి మన ప్రసూతి వార్డులో కాన్పు అయింది. తల్లీ బిడ్డా క్షేమం. డిశ్చార్జి రోజున ఆమె అత్తగారు ఒక గుడ్డమూట తెచ్చి నా టేబులు మీద పెట్టింది. విప్పి చూస్తే పసుపు కొమ్ములు. మట్టిరంగు, పైన ముడతలు, అక్కడక్కడా వేళ్ళు కూడా వదలలేదు. నాకు అంతగా నచ్చలేదన్న సంగతి ముఖంలోనే కనిపించి ఉంటుంది. "రంగెయ్యనేదమ్మా, మా కొండ పసుపు ఇలాగే ఉంటాది, ఇరిసి సూడు" అంది. విరిచి చూశాను. లోపల ముదురు నారింజ రంగు. వాసన గదంతా నిండింది.

నిజం చెప్పాలంటే, అప్పటికి ఎన్నో ఏళ్ళుగా నేను సంతలో పసుపు కొనేటప్పుడు తళతళ మెరిసే కొమ్ములనే ఏరుకునేదాన్ని. కొండవారు తెచ్చిన గంపల దగ్గర ఆగి, "ఇదేమిటమ్మా ఇలా ఉంది" అని ధర తగ్గించమని అడిగిన రోజులూ ఉన్నాయి. మీలో చాలామంది కూడా అలాగే చేస్తూ ఉంటారు. ఆ మూట తరువాత నేను అడిగి తెలుసుకున్నవి, చదివి తెలుసుకున్నవి ఈ నెల మీతో చెప్పాలనుకుంటున్నాను. పసుపుతో మొదలుపెట్టి, కొండ నుండి మన వంటింటికి వచ్చే మరికొన్ని పంటల గురించి కూడా చెబుతాను. వార్డులో మేము చూసే కొన్ని జబ్బులకు వీటితో సంబంధం ఉంది.

మన కొత్తవలస ఒక జంక్షను. కిరండూల్ వెళ్ళే రైలు మార్గం ఇక్కడే చీలుతుంది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి ఈ లైను వేశారు. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటితే ఇక సొరంగాలే. ఖనిజం కోసం వేసిన దారే అయినా, కొండ మీది మనుషులు మన ఊరికి రావడానికి, మనం వారి ఊరికి పోవడానికి కూడా అదే దారి అయింది. అల్లం, పసుపు, రాజ్మా చిక్కుళ్ళు, సీతాఫలాలు, అడ్డాకుల కట్టలు ఆ రైల్లోనూ ఘాట్ రోడ్డు బస్సుల్లోనూ దిగుతాయి. జ్వరాలు, రక్తహీనత, కష్టమైన కాన్పులు కూడా ఆ దారినే మన దగ్గరకు వస్తాయి. కొండవారితో మనకు ఉన్న బంధుత్వం ఈ రెండు విధాలుగా ఏర్పడినదే.

ఇక కొండ పసుపు సంగతి. మైదానంలో, దుగ్గిరాల వైపు గానీ నిజామాబాదు వైపు గానీ, పసుపు ఒక ఏడాది పంట. ఏజెన్సీలో చాలామంది రైతులు దుంపను రెండేళ్ళు భూమిలోనే ఉంచి తవ్వుతారు. ఎరువుల ఖర్చు పెట్టలేరు, వాన మీదే ఆధారం. తవ్విన పచ్చి దుంపలను పెద్ద పాత్రలో నీళ్ళు పోసి, నురగ వచ్చి ఘాటు వాసన కొట్టేదాకా ఉడికిస్తారు. తరువాత పది పదిహేను రోజులు ఎండబెడతారు. ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక కిలో అవుతుంది. ఉడకబెట్టేది, మోసేది, ఆరబెట్టేది ఎక్కువగా ఆడవారే. ఆ తరువాత పని మెరుగు పెట్టడం. కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పితే పై పొలుసు రాలి, పసుపు రంగు బయటపడుతుంది. ఆ డ్రమ్ము కొండ మీద ఇంటింటికీ ఉండదు. అందుకే వారి కొమ్ములు మన కళ్ళకు మాసినట్టు ఉంటాయి. అది ముందుగా తెలియక మనం ధర తగ్గించి అడుగుతాం. వారు తిరిగి మోసుకుపోలేక ఇచ్చేస్తారు.

డ్రమ్ములో తిప్పడం వరకు ఇబ్బంది లేదు. తిప్పేటప్పుడు రంగు కలపడంలోనే ఉంది ప్రమాదం.

లెడ్ క్రోమేట్ అని ఒక పసుపు రంగు ఉంది. పెయింట్లలో వాడతారు. అందులో సీసం ఉంటుంది. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు పసుపు తడిసి రంగు పోతే, అమ్ముడుపోదని కొందరు ఈ రంగు కలపడం మొదలుపెట్టారట. మెరిసే పసుపుకే గిరాకీ ఉండటంతో అది అలవాటైపోయింది. తరువాత చాలా ఏళ్ళకు అక్కడి పల్లెల్లో గర్భిణీ స్త్రీల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. ఫ్యాక్టరీలు లేని పల్లెల్లో ఇది ఎక్కడినుండి వచ్చిందని వెదుక్కుంటూ పోతే చివరకు వంటింట్లో పసుపు డబ్బా దగ్గర తేలింది. 2019లో ఆ దేశ ప్రభుత్వం గట్టిగా పూనుకుంది. మార్కెట్లలో నోటీసులు అంటించారు, పసుపును అక్కడికక్కడే యంత్రంతో పరీక్షించారు, కలిపినవారికి జరిమానాలు వేశారు. 2019లో మార్కెట్ నమూనాలలో 47 శాతంలో సీసం ఉండగా, 2021 నాటికి ఒక్కదానిలో కూడా దొరకలేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం కలిగింది. ముప్ఫై ఏళ్ళ అలవాటును రెండేళ్ళలో మార్చగలిగారు.

మన దేశంలో పసుపులో సీసానికి ప్రభుత్వం పెట్టిన హద్దు గ్రాముకు 10 మైక్రోగ్రాములు. భారత్, పాకిస్తాన్, నేపాల్ వంటి దేశాల నగరాలలో సేకరించిన పసుపు మీద 2024లో ఒక పరిశోధన వెలువడింది. పాట్నాలో దొరికిన కొన్ని నమూనాలలో గ్రాముకు 1000 మైక్రోగ్రాములు దాటింది. మెరుగుపెట్టిన కొమ్ములలోనే ఈ దోషం ఎక్కువగా కనిపించింది. అంటే మనం "బాగుంది" అని ఏరుకునే రకంలోనే. ప్రతి మెరిసే కొమ్ములోనూ రంగు ఉంటుందని అనడం లేదు, దయచేసి భయపడకండి. మెరుపును చూసి మంచిదని అనుకోవద్దు అంటున్నాను, అంతే.

సీసం గురించి నర్సుగా నాకున్న బాధ ఏమిటంటే, అది జ్వరంలా కనిపించదు. కడుపులో బిడ్డకు మావి ద్వారా చేరుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చదువులో వెనుకబడిన పిల్లవాడిని చూసి "బుద్ధి లేదు" అంటాం గాని, కారణం వంటింట్లో ఉండవచ్చునని ఎవరికి తోస్తుంది? రక్తహీనతకు కూడా ఇది ఒక కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి అసలు కారణాలు చాలావరకు తిండి, నులిపురుగులు, వెంటవెంట కాన్పులు. అయినా ఉన్న కష్టానికి సీసం తోడు కావలసిన అవసరం లేదు.

ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక పసుపు కొమ్ము వెయ్యండి. రంగు వేసిన కొమ్ము అయితే వేసిన వెంటనే నీటిలోకి రంగు దిగుతుంది. మంచి కొమ్ము అలా దిగనివ్వదు. పొడి అయితే ఒక చెంచా నీళ్ళలో వేసి కదపకుండా ఉంచాలి. మంచి పొడి అడుగున చేరి పైన నీరు లేత పసుపుగా ఉంటుంది, కల్తీ పొడి నీటిని ముదురు పసుపు చేస్తుంది. ఈ పరీక్షతో అన్ని కల్తీలూ బయటపడవు. అయినా కొమ్ములు కొని మర పట్టించుకోవడం, ఎవరు పండించారో తెలిసినవారి దగ్గర కొనడం మేలు. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇక్కడినుండి కిలోల కొద్దీ పొడి పంపే తల్లులు కూడా ఇది గమనించాలి. 2016లో అమెరికాలో సీసం ఉందన్న కారణంగా కొన్ని పసుపు పొడులను అంగళ్ళ నుండి వెనక్కి తెప్పించారు.

ఇంత చెప్పాను గనుక పసుపు సర్వరోగనివారిణి అనుకుంటారేమో. అలా కాదు. వంటలో పసుపు మంచిదే, వందల ఏళ్ళుగా తింటున్నాం. అయితే అందులోని కుర్కుమిన్ అనే పదార్థం సుమారు మూడు శాతమే, అదీ పేగుల నుండి రక్తంలోకి సరిగా వెళ్ళదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో కుర్కుమిన్‌తో పాటు మిరియాలలోని పైపరిన్ ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగింది. పాలలో పసుపుతో పాటు రెండు మిరియాలు నూరి వేసే మన అమ్మమ్మలు ఏ పరిశోధనా చేయలేదు గాని, వారి పద్ధతి తప్పు కాదన్నమాట.

ఈ పరిశోధన పేరు చెప్పి ఇప్పుడు మందుల షాపుల్లో పసుపు గొట్టాలు, మిరియాల సారం కలిపిన గొట్టాలు అమ్ముతున్నారు. ఒక పెద్దావిడ (వివరాలు కొంత మార్చి చెబుతున్నాను) చక్కెర వ్యాధికి డాక్టరుగారు ఇచ్చిన బిళ్ళలు మానేసి, బంధువులు తెచ్చిచ్చిన పసుపు గొట్టాలు మూడు నెలలు వేసుకుంది. కళ్ళు పచ్చబడి, చక్కెర నాలుగు వందలు దాటి మన దగ్గరకు వచ్చింది. పసుపు గొట్టాల వల్ల కొందరిలో కాలేయం దెబ్బతింటున్నదని అమెరికా వైద్యులు 2022లో రాశారు. మిరియాల సారం కొన్ని మూర్ఛ మందుల మోతాదును కూడా రక్తంలో పెంచగలదు. గుండె జబ్బుకు రక్తం పలుచన చేసే మందు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ఈ గొట్టాలు ముట్టవద్దు. కూరలో చిటికెడు వేరు, గొట్టంలో సారం వేరు.

మరొక మాట. పసికందు బొడ్డుకు పసుపు పెట్టవద్దు, పొడిగా వదిలేయండి. కాలిన పుండుకు పెట్టవద్దు, చల్లటి నీరు ధారగా పోయండి. కుక్క కరిచిన చోట పసుపు, కారం పెట్టి తీసుకువచ్చినవారిని నేను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వెంటనే సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి సూది మందుకు రావాలి. ఇది వంద సార్లు చెప్పాను, నూటొకటోసారి చెబుతున్నాను.

కొండ మీద మిరియాలు కాఫీ తోటల్లోనే పండుతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, అదే చెట్ల మీదకు పాకిన మిరియపు తీగ. అరకు కాఫీ సంగతి మీకు తెలిసిందే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. నాంది ఫౌండేషన్ అండతో 2007లో రైతుల సహకార సంఘం ఒకటి ఏర్పడింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ అంగడి తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ఏరిన మనిషి పేరు ఊరు తెలిస్తే దాని విలువ ఎంత పెరుగుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. పసుపుకు మాత్రం ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. కాఫీ గురించి గర్భిణీ స్త్రీలకు ఒక్క మాట: ఐరన్ బిళ్ళ వేసుకున్న గంట లోపల కాఫీ, టీ తాగవద్దు. బిళ్ళలోని ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది.

చింతపల్లి వైపు పిప్పళ్ళు కూడా పండిస్తారు. దాని వేరును మోడి అంటారు, ఆయుర్వేద మందులవారు కొంటారు. దానిలోనూ పైపరినే ఉంటుంది, పైన చెప్పిన జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

రాజ్మా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చింతపల్లి రాజ్మా మంచి బలమైన ఆహారం. మాంసకృత్తులు, పీచు రెండూ ఉన్నాయి, చక్కెర వ్యాధివారికి అన్నం తగ్గించి తినడానికి చాలా అనుకూలం. అయితే పచ్చి గింజలో ఒక విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొన్ని తిన్నా చాలు, రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒకసారి ఒక ఇంటివారు నలుగురూ ఒకేసారి వచ్చారు. గ్యాసు అయిపోతుందని సన్నటి సెగ మీద వండి, సగం మెత్తబడగానే దించేశారట. సన్నటి సెగ మీద ఆ విషం పోదు. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లుతూ కనీసం అరగంట ఉడకాలి. కుక్కరులో అయితే గింజ వేళ్ళ మధ్య నలిగేదాకా. అంతకు తక్కువ వద్దు.

చోళ్ళ గురించి ఇక్కడివారికి నేను చెప్పేదేముంది! అంబలి తాగి పెరిగినవాళ్ళమే. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో పది కూడా ఉండదు. పిల్లలకు, బాలింతలకు, ఎముకలు అరిగిన పెద్దవారికి ఇంతకంటే చవకైనది లేదు. అయితే చక్కెర వ్యాధివారు ఒకటి గుర్తుంచుకోవాలి. చోడిపిండి జావ పలుచగా కాచి గ్లాసుల కొద్దీ తాగితే చక్కెర తగ్గదు, పెరుగుతుంది. అదీ పిండి పదార్థమే, మెత్తటి పిండి జావ త్వరగా అరుగుతుంది. ముద్దగానో రొట్టెగానో, కూరతో, అన్నానికి బదులుగా తినాలి. అన్నం తిని, పైన జావ కూడా తాగి, "చోళ్ళేగా సిస్టరుగారూ" అంటే ఎలా?

ఇంతకూ మూట తెచ్చిన ఆ అత్తగారి సంగతి. ఆ కొమ్ములు మర పట్టించి వాడాక, మా స్త్రీల సమాజంలో ఆ మాట కదిపాను. ఇరవై కుటుంబాలు కలిసి, తలా కొంత ముందుగా డబ్బు వేసి, వారి ఊరి నుండే నేరుగా పసుపు తెప్పించుకున్నాం. దళారి లేడు. వారికి సంతలో వచ్చేదానికంటే ఎక్కువ ముట్టింది, మాకు అంగడి ధర కంటే తక్కువ పడింది. మొదటి ఏడాది అందరూ సంతోషించారు. రెండో ఏడాది దారిలో వాన పడి రెండు బస్తాలు తడిశాయి. బూజు పట్టింది. బూజు పట్టిన పసుపును ఎండబెట్టి వాడుకుందామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు, బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉండవచ్చు. పారబోయించాను. నష్టం ఎవరు భరించాలన్న దగ్గర మాటామాటా వచ్చి ఎనిమిది కుటుంబాలు మానుకున్నాయి. చివరికి సగం మేము, సగం వారు అనుకున్నాం. వారు పోగొట్టుకున్నది ఒక్క సీజను డబ్బు కాదు, రెండేళ్ళ పంట అన్న సంగతి ఆ రోజు మాలో కొందరికి ఎంత చెప్పినా ఎక్కలేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఇలాంటి ఏర్పాటు ఇతర దేశాల్లోనూ ఉందని తరువాత తెలిసింది. లావోస్ కొండల్లో మనవాళ్ళలాగే పోడు సేద్యం చేసిన హ్మాంగ్ అనే జాతివారు, యుద్ధం తరువాత కాందిశీకులుగా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి చేరారు. అక్కడి చలిలో కూడా తమ ఆసియా కూరలు, ఆకులు పండిస్తున్నారు. 2011లో సంఘం పెట్టుకున్నారు, 155 ఎకరాల పొలంలో కలిసి సేద్యం చేస్తారు. ఊరివారు పంటకాలం మొదట్లోనే డబ్బు కడితే, తరువాత వారానికొక కూరల పెట్టె అందుతుంది. పంట బాగా పండినా తగ్గినా ఇద్దరూ పంచుకుంటారు. మా తగాదా రోజున ఈ సంగతి తెలిసి ఉంటే చెప్పేదాన్ని.

ఇప్పుడు పన్నెండు కుటుంబాలు కొనసాగుతున్నాయి. బస్తా లోపల ప్లాస్టిక్ సంచి వేయించడం, వానకాలం రాకముందే తెప్పించడం నేర్చుకున్నాం. ఆ ఊరివారు కూడా జబ్బు ముదరకముందే వస్తున్నారు. క్రిందటిసారి ఆ అత్తగారు తన మనవరాలికి టీకా వేయించడానికి వచ్చి, పక్కింటి గర్భిణీని కూడా వెంటబెట్టుకు వచ్చింది. ఆ అమ్మాయికి రక్తం ఏడు గ్రాములే ఉంది. కాన్పుకు ఇంకా మూడు నెలలు వ్యవధి ఉండటంతో మందులు ఇచ్చి సరిచేయగలిగాం.

కొత్త పసుపు మాఘ, ఫాల్గుణ మాసాల్లో దిగుతుంది. కలవాలనుకునేవారు స్త్రీల సమాజంలో పేరు ఇవ్వండి. కొమ్ములు ఇంటికి చేరాక రెండు రోజులు ఎండబెట్టి, విరిస్తే టక్కున శబ్దం వచ్చినప్పుడే మరకు పంపండి. మిల్లులో మిరపకాయలు ఆడిన వెంటనే మీ పసుపు వేయవద్దని ముందే చెప్పండి. క్రిందటేడు మా ఇంట్లో పిల్లల పాలలో పసుపు కలిపితే వారు ఏడ్చిన ఏడుపు వీధి చివరి వరకు వినిపించింది.